నల్ల టీషర్టు మీద తెల్ల చారలు: చెమట ఏం చెబుతుంది, ఏం చెప్పదు

నల్ల టీషర్టు వేసుకుని గంటసేపు పరుగెత్తి, అది ఒంటి మీదే ఆరిపోతే వీపు మీద తెల్లటి చారలు తేలతాయి. అది ఉప్పు. నాలుకకు తగిలిస్తే తెలిసిపోతుంది. అయితే పక్కనే అదే వేగంతో, అంతే దూరం పరుగెత్తిన స్నేహితుడి టీషర్టు మీద ఒక్క చార కూడా ఉండకపోవచ్చు. ఎండ ఇద్దరికీ ఒకటే. తిండి కూడా ఇంచుమించు ఒకటే. అయినా ఒకరి చెమట ఉప్పన, ఇంకొకరిది చప్పన.

ఈ తేడా చిన్నదేం కాదు. పెద్దవాళ్ల చెమటలో సోడియం లీటరుకు సుమారు 200 మిల్లీగ్రాముల నుంచి 2000 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. అంటే పది రెట్లు. రక్తంలోని ద్రవభాగంలో మాత్రం ఆరోగ్యంగా ఉన్న ప్రతి మనిషికీ సోడియం లీటరుకు 3200 మిల్లీగ్రాముల చుట్టుపక్కలే ఉంటుంది. రక్తంలో అందరికీ ఒకేలా ఉన్నది చర్మం మీదికి వచ్చేసరికి ఇన్ని రకాలుగా మారుతోందంటే, మధ్య దారిలో ఎవరో చెయ్యి పెడుతున్నట్టే. ఆ చెయ్యి ఎవరిదో తెలియకుండా చెమటను చదవబోతే తప్పులో కాలేస్తాం. చేతికి అంటించుకుంటే చాలు, ఒంట్లో సంగతులన్నీ చెప్పేస్తాయంటూ అమ్ముతున్న చెమట పట్టీల ప్రచారంలో దాటేసేది కూడా సాధారణంగా ఈ సంగతినే.

ముందు చెమట అసలు పని చూద్దాం. 65 కిలోల మనిషి గంటలో పది కిలోమీటర్లు పరుగెత్తితే సుమారు 650 కిలోక్యాలరీలు ఖర్చవుతాయి. అందులో కదలికగా మారేది ఐదో వంతో, నాలుగో వంతో. మిగతా 500 చిల్లర వేడి అవుతుంది. ఆ వేడి బయటికి పోయే దారే లేకపోతే గంటలో శరీర ఉష్ణోగ్రత దాదాపు 9 డిగ్రీలు పెరగాలి. 37 నుంచి 46కి చేరాలి. అంతదాకా ఎవరూ బతకరు. ఒక లీటరు చెమట చర్మం మీద పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోక్యాలరీల వేడిని పట్టుకుపోతుంది. కాబట్టి లీటరు లోపు చెమటతో లెక్క సరిపోవాలి. కానీ ఇక్కడ కీలకమంతా ‘ఆవిరైతే’ అన్న మాటలో ఉంది. గడ్డం మీద నుంచి నేలమీదికి కారిపోయిన చెమట చల్లబరిచేది దాదాపు ఏమీ ఉండదు. ఏప్రిల్‌లో హైదరాబాద్ పొడి గాలిలో పరుగెత్తేవాడికి చెమట పట్టినట్టే తెలియదు. జూన్‌లో విశాఖ బీచ్ రోడ్డు మీద పరుగెత్తేవాడు నిలువునా తడిసిపోతాడు, అయినా ఒళ్లు చల్లబడదు. ఉక్కపోత అంటే అదే. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు. ఆరకపోయేసరికి శరీరం ఇంకా ఇంకా పోస్తుంది. నీళ్లూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం లోపలే ఉండిపోతుంది.

ఇక మధ్యలో చెయ్యి పెట్టేది ఎవరు? స్వేద గ్రంథే. ఒంటి మీద ఇవి 20 లక్షల నుంచి 40 లక్షల దాకా ఉంటాయి. ఒక్కొక్కటీ చర్మం లోతుల్లో ఉండచుట్టుకుని, అక్కడి నుంచి పైదాకా వచ్చే సన్నని గొట్టం. అడుగున ఉన్న చుట్టలో ఊరే ద్రవం ఉప్పదనంలో దాదాపు రక్తంతో సమానం. అది నాళం గుండా పైకి వస్తుండగా నాళం గోడల్లోని కణాలు సోడియాన్నీ క్లోరైడ్‌నూ ఏరుకుని వెనక్కి లాగేసుకుంటాయి. నీళ్ల జోలికి మాత్రం పెద్దగా పోవు. అందుకే చర్మం మీదికి వచ్చేసరికి చెమట రక్తం కన్నా ఎప్పుడూ పలచనగానే ఉంటుంది. చంకల్లో ఉండే మరో రకం గ్రంథుల కథ వేరు. అవి వదిలే కొవ్వు పదార్థాలను చర్మం మీది బాక్టీరియా తినడం వల్ల వచ్చేదే చెమట వాసన. ఒంటిని చల్లబరచడంలో వాటి పాత్ర లేదనే చెప్పాలి.

ఏరుకునే ఈ పనికి ఒక వేగం ఉంది. సంక్రాంతి ముందు రోజు పంతంగి టోల్‌ప్లాజా దగ్గర రద్దీ పెరిగి గేట్లు ఎత్తేస్తే కార్లు ఆగకుండా వెళ్లిపోయినట్టు, చెమట ధార పెరిగేకొద్దీ నాళానికి ఉప్పును పట్టుకునే వ్యవధి చాలదు. నెమ్మదిగా జాగింగ్ చేసినప్పుడు చప్పగా ఉన్న చెమటే వేగం పెంచితే ఉప్పనవుతుంది. మనిషి మారలేదు, ఒంట్లో ఉప్పు మారలేదు. మారింది ధార మాత్రమే. కాబట్టి ఎంత చెమట పోస్తోందో చెప్పకుండా ‘మీ చెమటలో సోడియం ఇంత’ అని చెప్పే అంకెకు అర్థం లేదు. ఎక్కడి చెమట అన్నది కూడా ముఖ్యమే. నుదుటి మీద, ఛాతీ మీద వచ్చే చెమట తొడల మీది చెమట కన్నా సాధారణంగా ఉప్పగా ఉంటుంది. ముంజేతి మీద ఒక చిన్న పట్టీ అంటించి ఒళ్లంతటి లెక్క చెప్పాలంటే మధ్యలో ఎన్నో సవరణలు చేయాలి.

అలాగని చెమట ఏమీ చెప్పదనుకోకూడదు. సరిగా అడిగితే చాలా లోతైన సంగతులే చెబుతుంది. అలా అడిగినవాళ్లలో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ వైద్యుడు జెరోమ్ కాన్ ఒకరు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పసిఫిక్ ప్రాంతపు ఉక్కపోతలో సైనికులు ఎలా తట్టుకోగలరన్నది పెద్ద ప్రశ్న. కాన్ మనుషులను వేడి, తేమ ఉన్న గదుల్లో రోజుల తరబడి పని చేయించి వాళ్ల చెమటను కొలిచారు. రోజులు గడిచేకొద్దీ చెమటలో ఉప్పు తగ్గుతూ వచ్చింది. మూత్రంలోనూ, లాలాజలంలోనూ అదే తీరు. మూడు వేర్వేరు చోట్ల ఒకేసారి ఉప్పు పొదుపు మొదలైందంటే, ఆజ్ఞ ఒకే చోటి నుంచి వస్తోందని, అది మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథి హార్మోన్ అయి ఉంటుందని ఆయన ఊహించారు. ఆ హార్మోన్ ఆల్డోస్టెరాన్. దాన్ని వేరుచేయడం 1953లో గానీ సాధ్యం కాలేదు.

కథ అక్కడితో ఆగలేదు. 1954లో కాన్ దగ్గరికి ఒక మహిళ వచ్చింది. ఎక్కువ రక్తపోటు, కండరాల నీరసం, రక్తంలో పొటాషియం బాగా తక్కువ. ఆమె ఏ ఎండలోనూ పని చేయలేదు. కానీ చెమట పరీక్షిస్తే అందులో సోడియం చాలా తక్కువగా ఉంది, వారాల తరబడి ఉక్కపోతకు అలవాటుపడిన సైనికుడి చెమటలా. అడ్రినల్ గ్రంథిలో ఒక గడ్డ అవసరం లేకపోయినా ఆ హార్మోన్‌ను పోస్తోందని కాన్ అంచనా వేశారు. శస్త్రచికిత్సలో గడ్డ దొరికింది, తీసేశాక ఆమె కోలుకుంది. రక్తపోటుకు ఒక కారణంగా ఇప్పుడు వైద్యులందరికీ తెలిసిన ఈ జబ్బుకు ఆయన పేరే స్థిరపడింది. వేడికి అలవాటుపడడం మీద మొదలైన పరిశోధన రక్తపోటు చికిత్సలో తేలింది.

కాన్ చూసిన ఆ మార్పు వ్యాయామం చేసే ప్రతి ఒక్కరిలోనూ జరుగుతుంది. రోజూ ఎండలో కష్టపడితే పది రోజుల నుంచి రెండు వారాల్లో చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. చలికాలమంతా ఏసీ జిమ్‌లో ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తినవాడు మార్చి చివర్లో రోడ్డెక్కితే టీషర్టు మీద చారలు కనిపిస్తాయి. మే వచ్చేసరికి అవి పలచబడతాయి. ఆ టీషర్టు చెబుతున్నది అతను ఉప్పు ఎంత తిన్నాడని కాదు, వేడికి ఎంతవరకు అలవాటుపడ్డాడని. నిజామాబాద్, కరీంనగర్ వైపు నుంచి గల్ఫ్‌లో నిర్మాణ పనులకు వెళ్లేవాళ్లకు మొదటి వారమే ఎక్కువ ప్రమాదం కావడానికి ఒక పెద్ద కారణం ఇదే. మనిషి ఎంత బలంగా ఉన్నా, ఉప్పును పొదుపు చేయడం అతని నాళాలు ఇంకా నేర్చుకోలేదు.

మరి ఆ నాళం ఎంతకీ నేర్చుకోలేకపోతే? యూరప్‌లో పాతకాలపు జానపదుల నోట ఒక మాట ఉండేది: నుదుటి మీద ముద్దుపెడితే ఉప్పగా తగిలే బిడ్డ ఎక్కువ కాలం బతకదని. 1948లో న్యూయార్క్‌లో వడగాడ్పులు వీచినప్పుడు ఆస్పత్రికి వడదెబ్బతో వచ్చిన పిల్లల్లో సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బు ఉన్నవాళ్లు ఎక్కువగా కనిపించారు. అప్పటిదాకా దాన్ని ఊపిరితిత్తుల్లో, క్లోమంలో జిగట పేరుకునే జబ్బుగానే చూసేవారు. ఎండకూ దీనికీ ఏమిటి సంబంధమని పాల్ డి సాంట్‌ఆగ్నీస్ అనే వైద్యుడు వెతికితే, ఆ పిల్లల చెమటలో ఉప్పు మిగతా పిల్లల కన్నా ఎన్నో రెట్లు ఉందని తేలింది. 1953లో ఆయన ఆ సంగతి ప్రకటించారు. 1959లో గిబ్సన్, కుక్ అనే ఇద్దరు ఒక పరీక్ష రూపొందించారు. పైలోకార్పిన్ అనే మందును స్వల్ప విద్యుత్తుతో చర్మంలోకి పంపి, అక్కడ మాత్రమే చెమట పట్టించి, క్లోరైడ్ కొలవడం. లీటరుకు 60 మిల్లీమోల్‌లు (బరువును కాక కణాల సంఖ్యను లెక్కగట్టే కొలత ఇది), ఆపైన ఉంటే ఆ జబ్బు ఉన్నట్టే లెక్క. ఇప్పటికీ పసిపిల్లలకు చేసేది ఈ పరీక్షే.

కారణం మాత్రం 1983లో గానీ తేలలేదు. కాలిఫోర్నియాలో పాల్ క్వింటన్ అనే శాస్త్రవేత్త స్వేద నాళాలను విడదీసి పరీక్షించి, ఆ జబ్బు ఉన్నవాళ్ల నాళం గోడలు క్లోరైడ్‌ను లోపలికి రానివ్వవని చూపించారు. క్లోరైడ్ కదలకపోతే దానికి జతగా ఉండే సోడియమూ కదలదు. ఇద్దరూ చెమటలోనే ఉండిపోయి బయటికి కొట్టుకుపోతారు. క్వింటన్‌కు స్వయంగా ఆ జబ్బు ఉంది. ప్రయోగశాలలో ఆయన చదివింది తన ఒంటి కథనే. 1989లో ఆ జబ్బుకు కారణమైన జన్యువు దొరికింది. 2012లో అమెరికాలో అనుమతి పొందిన ఇవాకాఫ్టర్ అనే మందు పనిచేస్తోందో లేదో చూడడానికి ఒక కొలమానం చెమటలో క్లోరైడ్ తగ్గడమే. ఈ జబ్బు ఉన్నవాళ్లు వ్యాయామం చేసేటప్పుడు ఇంకో చిక్కు కూడా ఉంది. దాహం వేయాలంటే రక్తం కాస్త చిక్కబడాలి. వాళ్ల చెమట దాదాపు రక్తమంత ఉప్పగా ఉంటుంది కాబట్టి ఎంత పోయినా రక్తం చిక్కబడదు. అందువల్ల దాహం సరిగా వేయదు.

ఇవి చెమట నిజాయితీగా చెప్పే సంగతులు. ఇక తప్పుదారి పట్టించేవి.

లాక్టేట్‌తో మొదలుపెడదాం. గట్టిగా వ్యాయామం చేస్తే కండరాలు లాక్టేట్ తయారుచేస్తాయి, అది రక్తంలోకి వస్తుంది. క్రీడాకారుల అలసటను అంచనా వేయడానికి వేలి చివర నుంచి రక్తపు చుక్క తీసి దాన్ని కొలుస్తారు. చెమటలోనూ లాక్టేట్ ఉంటుంది, పైగా రక్తంలో కన్నా ఎక్కువగా. అందుకే సూది అక్కర్లేదు, చెమట చాలు అన్న ఆశ పుట్టింది. చిక్కేమిటంటే చెమటలోని లాక్టేట్‌లో చాలా భాగం కండరాలది కాదు, స్వేద గ్రంథిదే. చెమట పొయ్యడానికి ఆ గ్రంథి కూడా చక్కెరను కరిగించుకోవాలి కదా, ఆ పనిలో పుట్టిన లాక్టేట్ చెమటతోపాటే బయటికి వస్తుంది. కాలు కదపకుండా ఆవిరి గదిలో కూర్చున్నవాడి చెమటలోనూ అది దండిగా ఉంటుంది. చెమట ధార పెరిగితే పలచబడుతుంది. అంటే కష్టం పెరుగుతుంటే అంకె తగ్గుతున్నట్టు కనిపించవచ్చు! దాన్ని చూసి ‘ఇంకా ఓపిక ఉంది’ అనుకుని వేగం పెంచేవాణ్ని ఏమనాలి?

చక్కెర సంగతి ఇంకా కష్టం. చెమటలో గ్లూకోజ్ రక్తంలో ఉన్నదానిలో నూరో వంతు స్థాయిలో ఉంటుంది. పొద్దున అరటిపండు ఒలిచిన చెయ్యి తగిలినా అంతకన్నా ఎక్కువ చక్కెర చర్మానికి అంటుకుంటుంది. 2016లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ బృందం సోడియం, పొటాషియం, గ్లూకోజ్, లాక్టేట్ నాలుగింటినీ ఒకేసారి చెమట నుంచి కొలిచే పట్టీని తయారుచేసింది. ఇంజినీరింగ్‌గా చూస్తే అది గొప్ప పనే. కానీ కొలవగలగడం ఒకటి, కొలిచినదానికి అర్థం చెప్పగలగడం ఇంకొకటి. మధుమేహం ఉన్నవాళ్లు చెమటలోని అంకెను నమ్ముకుని ఇన్సులిన్ తీసుకునే రోజు ఇంకా రాలేదు.

అమోనియా మాత్రం కొంత నయం. చెమటకు కాస్త ఆమ్లగుణం ఉండడం వల్ల రక్తం నుంచి వచ్చిన అమోనియా అందులో చిక్కుకుపోతుంది. అందుకే రక్తంలో కన్నా చెమటలో చాలా రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. అన్నం, చపాతీ పూర్తిగా మానేసి గంటల తరబడి పరుగెత్తితే కండరాలు ప్రోటీన్లను ఎక్కువగా ఇంధనంగా వాడతాయి, అమోనియా పెరుగుతుంది. బట్టల నుంచి ఘాటైన వాసన వస్తోందని కొందరు అనేది దీని గురించే. చెమటతో విషపదార్థాలు పోతాయన్న నమ్మకం గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. చెమటలో 99 శాతం నీళ్లే. వ్యర్థాలను బయటికి పంపేది కాలేయం, మూత్రపిండాలు.

కండరాలు బిగుసుకుపోవడం, పిక్కలు పట్టేయడం కూడా ఉప్పు ఖాతాలోనే వేస్తుంటారు. వేడి గనుల్లో, ఆనకట్టల నిర్మాణంలో రోజంతా చెమటోడ్చిన కూలీలకు ఉప్పు నీళ్లు ఇస్తే నొప్పులు తగ్గిన అనుభవం వందేళ్ల కిందటే ఉంది. ఆ పరిస్థితిలో అది నిజం కూడా. అయితే పరుగు పందెంలో వచ్చే ప్రతి నొప్పికీ అదే కారణం కాదు. వెనిగర్‌లో ఊరవేసిన దోసకాయల పుల్లటి ఉప్పు నీళ్లు తాగితే నిమిషంన్నర లోపే పట్టు వదులుతున్నట్టు ప్రయోగాల్లో కనిపించింది. అంత తొందరగా ఆ ఉప్పు కడుపు దాటి రక్తంలోకి వెళ్లడమే సాధ్యం కాదు. గొంతులో పులుపు తగలగానే నరాలు ఇచ్చే స్పందన వల్ల కండరం వదులుతోందని ఇప్పుడు ఎక్కువమంది భావిస్తున్నారు.

అసలు ప్రాణాల మీదికి తెచ్చేది ఇంకొకటి. చెమట రక్తం కన్నా ఎప్పుడూ పలచనే కాబట్టి, చెమట పట్టిన కొద్దీ రక్తంలో సోడియం సాంద్రత పెరగాలే గానీ తగ్గకూడదు. అయినా మారథాన్‌లలో సోడియం పడిపోయి ఫిట్స్‌తో కూలిపోయినవాళ్లు ఉన్నారు. 2002 బోస్టన్ మారథాన్ పూర్తిచేసిన 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం లీటరుకు 135 మిల్లీమోల్‌లకు, అంతకన్నా కిందికి దిగిపోయి ఉంది (మొదట్లో చెప్పిన 3200 మిల్లీగ్రాములు ఈ కొలతలో సుమారు 140). ముగ్గురిలో 120కో, ఇంకా కిందికో పోయింది. అది ప్రాణాపాయ స్థితి. ఎవరికి ఎక్కువగా అలా జరిగిందో చూస్తే, నాలుగు గంటలకు పైగా పరుగెత్తినవాళ్లకు, దారిలో మూడు లీటర్ల కన్నా ఎక్కువ తాగినవాళ్లకు, పందెం ముగిసేసరికి బరువు పెరిగినవాళ్లకు. పరుగెత్తితే బరువు తగ్గాలి కదా, పెరగడమేమిటి? పోయిన చెమట కన్నా ఎక్కువ నీళ్లు తాగారు. స్పోర్ట్స్ డ్రింక్ తాగినా తప్పించుకోలేరు. చాలా స్పోర్ట్స్ డ్రింకుల్లో సోడియం లీటరుకు 20 మిల్లీమోల్‌ల చుట్టూ ఉంటుంది, రక్తంలో ఉన్నదానిలో ఏడో వంతు. దాహం వేయకముందే తాగుతూ ఉండండి అన్న సలహా ఎంత మంచి ఉద్దేశంతో పుట్టినా, నెమ్మదిగా పరుగెత్తేవాళ్లకు అది ప్రమాదకరంగా మారింది.

కాబట్టి చెమటలో ఏముందో తెలుసుకోవడం కన్నా ముందు ఎంత పోయిందో తెలియాలి. దానికి పట్టీ అక్కర్లేదు, ఇంట్లో బరువు చూసే మిషన్ చాలు. పరుగుకు ముందు 65.0 కిలోలు, గంట తర్వాత 64.1, మధ్యలో తాగింది 300 మిల్లీలీటర్లు అనుకుంటే, మూత్రానికి వెళ్లకపోతే పోయిన చెమట సుమారు 1.2 లీటర్లు. చెమటలో సోడియం లీటరుకు 1000 మిల్లీగ్రాములు అనుకున్నా పోయింది 1200 మిల్లీగ్రాములు, అంటే మూడు గ్రాముల ఉప్పు. రోజంతటికీ 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, మన ఇళ్లలో ఊరగాయ, పప్పు, అప్పడాలతో అంతకన్నా ఎక్కువే లోపలికి పోతుంది. గంట పరుగుకు పోయిన మూడు గ్రాములు మామూలు భోజనంలోనే తిరిగి వస్తాయి. మజ్జిగలో చిటికెడు ఉప్పు వేసుకుంటే రుచికి బాగుంటుంది, అంతే. ప్రత్యేకంగా ఆలోచించాల్సింది మూడు నాలుగు గంటలు ఎండలో ఉండేవాళ్లు, టీషర్టు మీద చారలు దట్టంగా తేలేవాళ్లు. రక్తపోటు, మూత్రపిండాల సమస్యలు ఉన్నవాళ్లు మాత్రం చారలు చూసి ఉప్పు పెంచుకోకూడదు, వైద్యుణ్ని అడగాలి. విరేచనాల కోసం తయారుచేసిన ఓఆర్‌ఎస్‌లో సోడియం లీటరుకు 75 మిల్లీమోల్‌లు, చాలామంది చెమటలో ఉండేదానికన్నా ఎక్కువ. సాయంత్రం షటిల్ ఆడి వచ్చి ఓఆర్‌ఎస్ డబ్బా తెరిచేవాళ్లకు దానితో పెద్దగా పనిలేదు.

బరువు చూసుకునే ముందు రెండుసార్లూ ఒళ్లు తుడుచుకోవాలి, తడిసిన బట్టలు విప్పేయాలి. టీషర్టులో ఇంకిన చెమట కూడా ఒంట్లోంచి పోయిందే. దాన్ని వేసుకునే మిషన్ ఎక్కితే అది ఇంకా ఒంట్లోనే ఉన్నట్టు లెక్కలో తేలుతుంది.